అప్‌డేట్: మా పూతరేకుల సైట్ గూగుల్‌లో కనిపిస్తోంది

ఆత్రేయపురం పూతరేకులు అమ్మే మా సైట్‌కి గూగుల్ నుంచి ఎవరూ రావడం లేదు, పేజీల్లో ఏం రాయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు సెర్చ్ కన్సోల్ (జనం గూగుల్‌లో ఏం వెతికితే మన సైట్ కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్) చూడమన్నారు. అదే అన్నిటికన్నా పనికొచ్చింది. "నోరూరించే సంప్రదాయ మిఠాయి" అని ఎవరూ వెతకడం లేదు. "బెల్లం పూతరేకులు ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి" అని వెతుకుతున్నారు. దాంతో బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ రకాలకు వేర్వేరు పేజీలు పెట్టాం. "హోమ్" అని ఉన్న టైటిల్ "ఆత్రేయపురం నేతి పూతరేకులు" అయింది. నిల్వ గురించిన జవాబు పేజీలో పైనే ఉంది.

తయారీ సంగతి అమ్మ చెప్తుంటే రాశాను: బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద పరిచి లాగేయగానే పొరలా రేకు. 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన విషయమూ చేర్చాను. జనం ఎక్కువసేపు ఆగేది ఈ పేజీలోనే, నాకు చాలా సంతోషంగా ఉంది.

మెటా కీవర్డ్స్ (చదివేవాళ్లకు కనిపించకుండా పేజీ కోడ్‌లో పెట్టే పదాలు) నింపుతామని ఒక ఏజెన్సీ డబ్బులడిగింది. ర్యాంకింగ్‌కి అవి వాడనని గూగుల్ 2009లోనే చెప్పేసింది, అందుకే వద్దన్నాం.

నిల్వ ప్రశ్నకి మా పేజీ ఇప్పుడు గూగుల్ ఫలితాల మొదటి పేజీలోనే వస్తోంది. ఫోన్ ఆర్డర్లూ పెరిగాయి. ఇక ఇంగ్లీషు పేజీలు రాయాలి.