నాగిరెడ్డి అసెంబ్లీ ఎందుకు వదిలేశారు? మీ ఇంట్లో పెద్దోళ్లు ఏం చెప్పేవాళ్లు?

పెన్నా గట్టు (అనంతపురం):
మా అబ్బ (తాత) పోయిన నెల కాలం చేశారు. ఆయన ట్రంకు పెట్టె అడుగున పాత కరపత్రాలు దొరికాయి, అన్నిటి మీదా ‘దున్నేవానికే భూమి’ అని ఉంది. అబ్బ ఏ పార్టీలో ఉన్నట్టూ మాకు తెలీదు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి పేరు మాత్రం తరచూ తలుచుకునేవారు. ఆయన నక్సల్బరీ దారి పట్టి అసెంబ్లీ వదిలేశారంటారు. 1967లో రైతులు తిరగబడిన ఆ నక్సల్బరీ ఎక్కడో బెంగాల్లో ఉంది. మన శెనక్కాయ చేలకు దానితో సంబంధం ఏంటి? గెలిచిన సీటును ఎవరైనా ఎందుకు వదులుకుంటారు? తెలిసినోళ్లు చెప్పండి.

శింగనమల చెరువు:
తమ్ముడూ, మాది తరిమెలకు దగ్గరి ఊరే. నాగిరెడ్డి భూమి గల ఇంట్లో పుట్టిన మనిషి. 1952లో జైల్లో ఉండే పోటీ చేసి, అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఆయన స్వయానా బావ! మా జేజి ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ బావమరుదుల మాట దగ్గరే ఆగిపోయేది.

నువ్వడిగిన సంబంధం భూమే. నక్సల్బరీలో కౌలుదార్లు, తేయాకు తోటల కూలీలు భూమి కోసం లేచారు. 1967 మే 24న ఒక పోలీసు ఇన్స్పెక్టర్ బాణాలకు చనిపోయాడు, మర్నాడు పోలీసు కాల్పుల్లో 11 మంది పోయారు. అదే ఏడు శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజనుల పోరాటం రాజుకుంది. మన దగ్గర జీతగాళ్లు, అంటే పాలేర్లు, అప్పు తీరక ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పడి ఉండేవాళ్లు. మా తాత అట్లా ఉన్నవాడే. బంజరు ఆయన దున్నితే పట్టా ఇంకొకరి పేరున పుట్టేది. చట్టం ఉన్నా చేను దాకా రావడం లేదని నాగిరెడ్డి నమ్మారు. 1969లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి జనంలోకి వెళ్లారు. ఆ ఏడాది చివర్లోనే అరెస్టయ్యారు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఒక మాట కలుపుతాను. అందరినీ ‘నక్సలైట్లు’ అని ఒకే గాట కట్టేస్తారు, అది తప్పు. నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ వర్గశత్రు నిర్మూలన, అంటే భూస్వాముల్లాంటి వాళ్లను చంపడమే దారి అన్నారు. నాగిరెడ్డి, ఆయనతో ఉన్న నాయకులు మా జిల్లా చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు దాన్ని ఒప్పుకోలేదు. ముందు జనం కదలాలి, భూమి పోరాటంలో వాళ్లే ముందుండాలి అన్నారు. అందుకే 1969 ఏప్రిల్లో పుట్టిన మజుందార్ పార్టీ సీపీఐ ఎంఎల్‌లో వీళ్లు చేరలేదు. తర్వాత నాగిరెడ్డి, పుల్లారెడ్డి దారులు కూడా వేరయ్యాయి. మా నాయన ఆ చీలికల గురించి మాట్లాడేటప్పుడు గొంతు పూడుకుపోయేది.

దేవుని కడప:
ఆశయం మంచిదే, కాదనను. ఇంట్లోవాళ్లు పడ్డ బాధ కూడా చెప్పాలి కదా. 1974లో నక్సలైట్ల వైపు ఉండే రాడికల్ విద్యార్థి సంఘం వచ్చింది. మా చిన్నాయన తిరుపతిలో చదివేటప్పుడు అందులో చేరాడు. సెలవుల్లో ఊళ్లు తిరిగి కూలి రేట్ల గురించి, అంటరానితనం గురించి మాట్లాడేవాడు. ఆ తర్వాత రాత్రిపూట కుక్క మొరిగితే చాలు, మా అవ్వ పోలీసులేమోనని లేచి కూర్చునేది. చిన్నాయన ఆ దారి వదిలి తిరిగొచ్చి బడి పంతులయ్యాడు. ఆయన స్నేహితులు ఇద్దరు రాలేదు. చంపుకోవడం, చంపబడటం ఎవరు చేసినా నేను సమర్థించలేను.

శింగనమల చెరువు:
అక్కా, నీ మాట కాదనను. మా తాత మాత్రం కత్తి పట్టలేదు, మీటింగులకు నడిచిపోయాడంతే. పాలేరు పని మానేశాక కూలికి పోయేటప్పుడు రేటు అడిగే ధైర్యం అక్కడే వచ్చిందనేవాడు.

పెన్నా గట్టు:
అందరికీ దండాలు. నిన్న రాత్రి మళ్లీ పెట్టె తెరిచాను. కరపత్రాల కింద మా మూడెకరాల డీకేటీ పట్టా (భూమి లేనోళ్లకు సర్కారు ఇచ్చే పట్టా) ఉంది. అబ్బ ఆ రెండింటినీ ఒకే గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.