అప్‌డేట్: ఉబుంటులో తెలుగు అక్షరాల మసక పోయింది

పోయిన వారం అడిగాను కదా, కంప్యూటర్‌లో కొత్తగా ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక తెలుగు మసగ్గా కనిపిస్తోందని, ‘లక్ష్మి’లో ఒత్తులు ముద్దలా అయిపోతున్నాయని. సెట్ అయింది!

టెర్మినల్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ (ఏ ఫాంటు తీసుకుంటోందో చూపే కమాండ్) కొట్టి చూస్తే తెలుగుకి ఏదో పాత ఫాంటు తీసుకుంటోంది. నోటో శాన్స్ తెలుగు ఫాంటు వేసి, ఫాంట్‌కాన్ఫిగ్ (ఏ ఫాంటు వాడాలో చూసుకునే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్లో దాన్ని ముందు పెట్టి, హింటింగ్‌ని (అక్షరాల గీతల్ని పిక్సెళ్లకు సర్దే పద్ధతి) ఫుల్ నుంచి స్లైట్‌కి మార్చాను. స్లైట్‌లో అక్షరాన్ని నిలువుగానే పిక్సెళ్లకు సర్దుతుంది, అడ్డంగా నొక్కదు. మన గుండ్రటి అక్షరాలకి అదే నయం.

ఇంకో తిరకాసు: బెంగళూరు మారతహళ్లి పీజీలో ఇరుకు టేబుల్ కాబట్టి మానిటర్ నిలువుగా తిప్పి పెట్టుకున్నా. పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్ని విడిగా వాడి అంచులు నునుపు చేసే సబ్‌పిక్సెల్ సెట్టింగ్ మాత్రం ఆర్‌జీబీలోనే, అంటే ఆ ముక్కలు అడ్డంగా వరుసలో ఉన్నాయన్న లెక్కలోనే ఉండిపోయి, అక్షరాల అంచున ఎర్ర, నీలి చారలు. గ్రేస్కేల్ (రంగుల్లేకుండా బూడిద ఛాయలతోనే నునుపు చేసేది) పెట్టగానే మాయం. రెండు రోజులు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను!