90 రోజుల నోటీసు తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా?

పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీలో చేస్తున్నాను, హన్మకొండ నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్. జూన్ 3న రిజైన్ చేశాను. 90 రోజుల నోటీసు సెప్టెంబర్ 1కి అయిపోతుంది. మడికొండ ఐటీ పార్కులోని కొత్త కంపెనీ జులై 21కల్లా చేరమంటోంది.

మేనేజర్‌ను మూడుసార్లు అడిగాను, క్లయింట్ ఒప్పుకోడంటున్నారు. కానీ నా స్థానంలో వచ్చినతనికి కేటీ (పని నేర్పి అప్పగించడం) పూర్తయింది, రెండు వారాలుగా నా పేరు మీద ఒక్క టికెట్ (చేయాల్సిన పని) రాలేదు. పొద్దంతా లాగిన్ అయి ఖాళీగా కూర్చోవడం, అదే పెద్ద టెన్షన్. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే 'మేనేజర్ అప్రూవల్ కావాలి' అని ఒకటే లైను. ఆఫర్ లెటర్‌లో మిగిలిన రోజులకు బేసిక్ జీతం కట్టి వెళ్లొచ్చని (బైఅవుట్) ఉంది, పక్కనే 'కంపెనీ అంగీకరిస్తే' అని కూడా ఉంది. చెప్పకుండా మానేస్తే రిలీవింగ్ లెటర్ రాదు, ఆ పని చేయను.

మేనేజర్ కాదన్నాక బైఅవుట్ కోసం మీరు ఎవరికి రాస్తే ఒప్పుకున్నారు?