డ్రాగన్ కార్గో క్యాప్సూల్ మళ్లీ ఎగరాలంటే ఏమేం మారుస్తారు?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సైన్స్ ఫెయిర్‌కి అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసే స్పేస్‌ఎక్స్ డ్రాగన్ మోడల్ చేస్తోంది, నా పని థర్మోకోల్ కోయడం వరకే అనుకున్నా గానీ ఇప్పుడు ప్రశ్నలతో చంపుతోంది. రష్యా ప్రోగ్రెస్, అమెరికా సిగ్నస్ అనే సరుకు నౌకలు పని అయ్యాక చెత్తతో సహా వాతావరణంలో కాలిపోతాయని, డ్రాగన్ మాత్రం పారాచూట్లతో సముద్రంలో దిగుతుందని, 2014లో వెళ్లొచ్చిన క్యాప్సూల్‌నే 2017 జూన్‌లో మళ్లీ పంపారని చదివాం. క్యాప్సూల్ వెనకుండే గొట్టంలాంటి భాగాన్ని (ట్రంక్) కిందికి దిగేముందే వదిలేస్తారు, అదీ అర్థమైంది.

నాకు అంతుపట్టనిది ఒక్కటే, ఉప్పునీళ్లలో పడ్డ క్యాప్సూల్‌లో ఏం విప్పుతారు, ఏం కొత్తవి వేస్తారు? మా బండి నాలుగు వానలకే తుప్పు పట్టింది మరి! వేడి కవచం ప్రతిసారీ మారుస్తారా, థ్రస్టర్లు (దిశ మార్చే చిన్న ఇంజన్లు) పాతవేనా?

ఇంకోటి. పాత డ్రాగన్‌ని రోబో చెయ్యి పట్టుకుని కేంద్రానికి తగిలించేది, 2020 డిసెంబర్ నుంచి వస్తున్న కొత్తది తనంతట తానే అతుక్కుంటోంది, దాంతో తలుపు చిన్నదై మరీ పెద్ద పెట్టెలు పట్టవన్నది నిజమేనా?

సోమవారమే ప్రదర్శన, తెలిసినవాళ్లు కాస్త తేలిక మాటల్లో చెప్పండి.