మాలేరియెన్సిస్: ఊరి పేరుకు లాటిన్ ప్రత్యయం

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూలు ప్రాజెక్టు కోసం శిలాజాల గురించి చదువుతూ, "బాబాయ్, ఈ జంతువు మలేరియాతో చచ్చిపోయిందా?" అని అడిగింది. తను చూపించిన పేరు 'పాంథాసారస్ మాలేరియెన్సిస్'. ఆ ప్రశ్నకు నేను నవ్వలేదు. మాట వినగానే ఎవరికైనా ముందు తోచేది అదే.

అందులో ఉన్నది మలేరియా కాదు, మాలేరి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. ఆ చుట్టుపక్కల ఉన్న ఎర్రని బంకమట్టి రాళ్ళను భూగర్భ శాస్త్రంలో 'మాలేరి ఫార్మేషన్' అంటారు. 20 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ రాళ్ళలోనే ఈ పెద్ద ఉభయచరం ఎముకలు దొరికాయి.

'ఎన్సిస్' లాటిన్ ప్రత్యయం. 'ఫలానా చోటిది' అని అర్థం. మనకు ప్రత్యయంతో పని లేదు. బందరు లడ్డు, ఉప్పాడ చీర అని ఊరి పేరు ముందు పెడితే చాలు. మగవారి పేరు మీద పెడితే చివర సాధారణంగా 'ఇ' వస్తుంది. అవే రాళ్ళలో దొరికిన ఒక సరీసృపం పేరు పారాసూకస్ హిస్లోపి. నాగపూర్‌లో ఉండి శిలాజాలు సేకరించిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ అందులో ఉన్నాడు.

నాకు బాగా నచ్చేది ఈ పేరు మారిన తీరు. 1842లో జర్మనీలో హెర్మన్ ఫాన్ మేయర్ ఇలాంటి ఒక ఉభయచరానికి 'మెటోపియాస్' అని పేరు పెట్టాడు. గ్రీకులో 'మెటోపాన్' అంటే నుదురు. కానీ ఆ పేరు అప్పటికే ఒక పురుగుకు ఉంది. రెండు ప్రజాతులకు (దగ్గరి జాతుల గుంపులకు) ఒకే పేరు కుదరదు కాబట్టి 1890లో రిచర్డ్ లిడెకర్ దాన్ని 'మెటోపోసారస్' చేశాడు. అంతకు ముందు 1885లో మాలేరి శిలాజాల మీద రాసిందీ ఈ లిడెకరే. 1965లో తపన్ రాయ్‌చౌదురి మన జంతువును వర్ణించి మెటోపోసారస్ మాలేరియెన్సిస్ అన్నాడు. తర్వాత కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దీని పుర్రెను మిగతావాటితో పోల్చి, ఇది వేరే ప్రజాతి అని తేల్చారు. 2019 నుంచి ఇది పాంథాసారస్. కుటుంబం మాత్రం మెటోపోసారిడే.

ప్రజాతి, జాతి అనే మాటలు పిల్లలకు బరువుగా ఉంటాయి. మా అమ్మాయికి ఇలా చెప్పాను: మొదటి మాట, అంటే ప్రజాతి, ఇంటిపేరు; రెండోది, అంటే జాతిని చెప్పేది, సొంత పేరు. ఇంటిపేరు ముందు రాయడం మనకు అలవాటే. పెళ్ళయ్యాక అమ్మాయి ఇంటిపేరు మారినా సొంత పేరు మారనట్టే, ఇక్కడా ముందు మాట మారింది, మాలేరి నిలిచింది. పైగా మన ఇంటిపేర్లు చాలా వరకు ఊళ్ళవి. ఇక్కడ ఊరే సొంత పేరయింది.

ఇంకొక్క మాట. ఈ పేరు పక్కన రాయ్‌చౌదురి, 1965 అని బ్రాకెట్లలో రాస్తారు. జాతికి పేరు పెట్టింది ఆయనే గానీ అప్పుడు వేరే ప్రజాతిలో పెట్టాడు అని ఆ బ్రాకెట్లే చెబుతాయి. తెలుగులో రాసేటప్పుడు దయచేసి వాటిని తీసేయకండి.

వ్యాఖ్య: 'సారస్' అంటే బల్లి కదండీ. ఉభయచరానికి ఆ పేరేంటి?

నా జవాబు: నిజమేనండీ, గ్రీకులో 'సౌరోస్' అంటే బల్లే. 19వ శతాబ్దంలో పాత ఉభయచరాలకు కూడా ఆ మాట తగిలించారు. అర్థం పొసగలేదని పేరు కొట్టేయడానికి నామకరణ నియమాలు ఒప్పుకోవు. ఆవులను కాయకపోయినా గోపాలం గోపాలమే కదా.

వ్యాఖ్య: అయితే తెలుగులో 'మాలేరి బల్లి' అందామా?

నా జవాబు: వద్దండీ. శాస్త్రీయ నామాన్ని అనువదించరు, ఉచ్చారణ మాత్రమే మన లిపిలో రాస్తాం. పైగా 'బల్లి' అంటే పిల్లలు దాన్ని సరీసృపాల్లో కలిపేస్తారు. వాడుక పేరు కావాలంటే 'మాలేరి ఉభయచరం' అందాం. ఊరి పేరు మాత్రం 'మాలేరి' అని విడిగా కనబడాలి. అప్పుడు ఎవరూ మలేరియా అనుకోరు.