చేయి కదపకున్న చెదిరె దారి: ఈ వారం సమస్య

సమస్య: చేయి కదపకున్న చెదిరె దారి

ఆటవెలదిలో పూరించండి. 1989 వరకు వచ్చిన టోర్షన్ బార్ (స్ప్రింగులా పనిచేసే, మెలితిరిగే ఉక్కు కడ్డీ) ఉన్న పోర్షే 911 కారుని అందం కోసం కిందికి దించితే, స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నా ఎత్తుపల్లాల మీద బండి పక్కకి లాగుతుంది. బంప్ స్టీర్ అంటారు. విషయం అదే.

పూరణ 1

కారు కుంగజేసి కడుముద్దుగా నుంచ
గుంత రాగ నొక్క చిన్న కుదుపు
చక్రమదియె తిరిగె సారథి యెరుగక
చేయి కదపకున్న చెదిరె దారి

మాస్టారూ, నా మొదటి పద్యం. తప్పులు చెప్పండి.

– ధార బాగుంది తమ్ముడూ. రెండో పాదంలో యతి తప్పింది, ‘గుం’కు ‘చి’ కుదరదు. ‘గుంత రాగ నొక్క కుదుపుతోడ’ అంటే సరిపోతుంది. ‘సారథి యెరుగక’ చదివితే ఆ టెన్షన్ నాకూ తగిలింది. చక్రం ఎందుకు తిరిగిందో కూడా పద్యంలోకి రావాలి.

పూరణ 2

కడ్డికొక్క వంపు కరమునకొక్కటి
కలిసి సాగకున్న గతులు మారు
పలక వేసి ర్యాకు పైకెత్త మరువగా
చేయి కదపకున్న చెదిరె దారి

– భేష్! అసలు కారణం ఇదే. చక్రం లేచినప్పుడు టై రాడ్ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ, పద్యంలోని ‘కడ్డి’) కొన ఒక వంపులో, కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపి ఉంచే చేయి) కొన మరో వంపులో కదులుతాయి. అవి కలవకపోతే రాడ్ చక్రాన్ని తోస్తుంది, లేదా లాగుతుంది. కారు దించితే రాడ్ బయటి కొన పైకి వాలిపోతుంది. అందుకే ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లను అటూ ఇటూ జరిపే భాగం) కింద స్పేసర్లు (పద్యంలోని ‘పలక’) వేసి దాన్నీ ఎత్తుతారు. ‘కరము’ అంటే కంట్రోల్ ఆర్మ్, నాలుగో పాదంలో ‘చేయి’ డ్రైవరుది. ఈ జంట నాకు చాలా నచ్చింది.

– ‘వేసి ర్యాకు’లో ‘సి’ గురువు కాదా అండీ?

– కాదండీ. సమాసం కాదు, వేరే పదం. లఘువే.

పూరణ 3

సరిగ ర్యాకు నెత్తి సమముగా కడ్డీని
నిలిపినంత కారు నిలకడాయె
గుంత దాటి యడుగు కుదుపునే సూటిగా
చేయి కదపకున్న చెదిరె దారి?

– సమస్యనే ప్రశ్నగా తిప్పేశారు! ‘చెదిరెనా’ అనకపోయినా గొంతులోనే ప్రశ్న వినిపిస్తోంది. ‘సరిగ’, ‘సమముగా’ రెండూ ఒకే పాదంలో ఎందుకు? ఒకటి యతి కోసం తెచ్చిందే అనిపిస్తోంది.

– నిజమే గురువుగారూ, ‘సరిగ’ మారుస్తాను. ‘నిలకడాయె’ మాత్రం ఉండనివ్వండి. టోర్షన్ బార్ విప్పి, చక్రం బిగించే హబ్‌కు పలక బిగించి, దానికి రెండు డయల్ గేజీలు (కొద్ది కదలికనూ ముల్లుతో చూపే కొలత పరికరాలు) ఆనించి, జాకీతో చక్రాన్ని కొంచెం కొంచెంగా ఎత్తాను. స్పేసర్లు లేనప్పుడు రెండు ముళ్లూ చెరో దారి పట్టాయి, అంటే చక్రం తిరుగుతోందన్నమాట. వేశాక రెండూ దాదాపు కలిసే నడిచాయి. గ్యారేజీలో ఆ ముళ్లని చూస్తూ ఉండగానే ఆ మాట వచ్చింది.