సమస్య: “నిలిచి యున్న నావ నీటఁ బాఱె”

పృచ్ఛకుని (సమస్య ఇచ్చినవాని) మాట: ఉదయం నుండి సంధ్య వరకు చిన్న పడవలో నదీవిహారం చేసే దంపతులే వస్తువు. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగవ పాదం; తక్కిన మూడు పాదాలను పూరించాలి. నిలిచిన నావ పాఱడమెట్లో, ఆ విరోధాన్ని పరిహరించాలి.

పూరణ 1

తెడ్డు లెత్తి పెట్టి దేవేరిఁ గన భర్త
యేటి వాలు మెల్ల నీడ్చుకొనఁగఁ
గదల రిద్దఱైన గట్టు వెన్కకుఁ జనె
నిలిచి యున్న నావ నీటఁ బాఱె.

విమర్శ: తెడ్లు ఆపిన పడవ నీటిని బట్టి చూస్తే నిలిచినట్లే, ఒడ్డును బట్టి చూస్తే సాగుతున్నట్లే కనుక, సమస్యలోని విరోధాన్ని ఈ పూరణ నది స్వభావంతోనే విప్పింది. అయితే “దేవేరి” రాజపత్నికి చెల్లే మాట. ఇద్దరే పట్టే పడవలో ఆమెకు సింహాసనం వేయడం కష్టం. స్త్రీ అనే అర్థంలో “తెఱవను గన భర్త” అంటే గణాలూ (గురులఘువుల కూర్పు) యతీ (పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ అక్షరంతో మైత్రి) రెండూ నిలుస్తాయి.

ఒక సభ్యుని సందేహం: ఆర్యా, రెండవ పాదంలో “యే”కు “నీ”తో యతి ఎట్లు కుదిరింది?

సమాధానం: “మెల్లన్ + ఈడ్చు” అని సంధి విడదీసి చూడండి, అక్కడ యతిస్థానంలో ఉన్నది ఈకారం, దానికి ఏకారంతో మైత్రి ఉన్నది.

పూరణ 2

పడఁతి చేతఁ బెట్టి పగ్గంబు పతి దోయ
మ్రాను లొడ్డునందు మౌనముగను
వీడుకోలు పలుకు విధముగాఁ గనుపట్టి
నిలిచి యున్న, నావ నీటఁ బాఱె.

విమర్శ: అమ్మా, మీరు సమస్యను ఒక్క కామాతో జయించారు. నేను “ఉన్న” అనే పదాన్ని నావకు విశేషణంగా ఇస్తే, మీరు దానిని “ఉన్నన్” అని గ్రహించి చెట్లకు అన్వయించారు. తరువాత నకారం రావడంతో ద్రుతం (“ఉన్నన్” చివరి నకారం) లోపించి రూపం మారలేదు. విరుపు పూరణలలో (పాదాన్ని వేరొక చోట విఱిచి అర్థం మార్చేవాటిలో) అన్వయం కృతకంగా తోచడం తఱచు, కాని ఇక్కడ తీరాన్ని వదలే క్షణం కళ్ళకు కట్టింది. భార్య చేతిలోని పగ్గమే పద్యానికి ప్రాణం; అది లేకుంటే పడవలో ఆమె ఉన్నదో లేదో తెలిసేది కాదు.

పూరణ 3

మబ్బు జాఱి నీట మసలుచుఁ బోవఁగాఁ
గట్టుఁ జేరి యున్న నెలఁత కనులఁ
దిమ్మ తిరిగినట్లు తీరమే కదలాడె
నిలిచి యున్న నావ నీటఁ బాఱె.

విమర్శ: నీటిలో కదిలే మబ్బు నీడను చూస్తూ కూర్చుంటే కట్టివేసిన పడవే కదులుతున్నట్లు తోచడం అనుభవంలో ఉన్నదే కనుక భావం చక్కగా ఉన్నది. లోపమంతా రెండవ పాదంలోనే: “గ”కు “నె”తో యతి లేదు. “నెలఁత” అక్కడ రావలసిన సూర్యగణమే కావడం వలన నడక ఎక్కడా తడబడదు, అందుకే చెవి మోసపోతుంది. పైగా “యున్న” అనే మాట సమస్యలో ఎలాగూ వస్తున్నది. మీరు మళ్ళీ వాడనవసరం లేదు.

పూరణకర్త సవరణ: కృతజ్ఞతలు. రెండవ పాదాన్ని ఇట్లు మార్చుకొంటున్నాను:

గట్టుఁ జేరినట్టి కాంత కనులఁ

పృచ్ఛకుడు: యతి కుదిరింది, పునరుక్తి తొలగింది. ఇక భర్త ఎక్కడున్నాడో మాత్రం మీ పద్యం ఇంకా చెప్పలేదు.